ముందు పైపులు, తర్వాత సోకులు

దేశం కాని దేశంలో దిగినవాడు మొదట కొనేది పాత కారే. జీతం ఇంకా కుదురుకోదు, అప్పిచ్చే బ్యాంకుకి మన ముఖం తెలీదు, పనికి వెళ్లాలంటే మాత్రం బండి కావాలి. కాబట్టి 20 ఏళ్ల నాటిది, నలుగురి చేతులు మారినది, జేబుకి అందింది తెచ్చుకుంటాం. కొనేటప్పుడు ఇంజను చప్పుడు వింటాం, ఏసీ వేసి చూస్తాం, టైరుని కాలితో ఓ తన్ను తంతాం. వంగి కిందకి చూసేవాళ్లు తక్కువ. నేను గ్యారేజీలో మెకానిక్‌ని, నా రోజంతా ఆ కిందే గడుస్తుంది. లిఫ్టు మీద లేపిన ప్రతి పాత బండిలోనూ ముందు నా కళ్లు పోయేది బ్రేకు పైపుల మీదికే. పెడల్ తొక్కిన బలాన్ని ఆయిల్ ద్వారా చక్రాల దాకా మోసేవి అవే.

ఇక్కడ చలికాలం వచ్చిందంటే రోడ్ల మీద ఉప్పు పోస్తారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు కనక మంచు కరిగి దారి తేలుతుంది. ఆ ఉప్పునీళ్లు టైర్ల వెంట ఎగిరి కారు అడుగంతా పట్టేస్తాయి. బ్రేకు పైపు లావు 4.75 మిల్లీమీటర్లు, గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఇనప పైపు మీది పూత ఒక్కచోట లేచిందా, తుప్పు లోపలికి తవ్వుకుంటూ పోతుంది. అదీ కంటికి కనిపించే చోట కాదు. పైపుని పట్టి ఉంచే క్లిప్పుల కింద, పెట్రోలు ట్యాంకు పైన, వెనక యాక్సిల్ దగ్గర మట్టి పేరుకునే మూలల్లో. మామూలుగా నడుపుతున్నన్నాళ్లూ ఆ పైపు ఓర్చుకుంటుంది. ఎవరో అడ్డం వచ్చి, ఉన్న బలమంతా పెట్టి పెడల్ తొక్కినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్లు (పీఎస్‌ఐ) దాటుతుంది. టైరులో ఉండేది 30 చిల్లర. పైపు పగిలేది సరిగ్గా ఆ రోజే.

ఈ మధ్య ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేస్తాడు. "అన్నా, నా బండికి బ్రేకులు మార్చేద్దామనుకుంటున్నా. చిల్లులున్న డిస్కులు, ఎర్ర క్యాలిపర్లు చూసి పెట్టాను. బిగిస్తావా?" క్యాలిపరంటే చక్రంతో తిరిగే డిస్కుని ప్యాడ్లతో రెండు వైపులా నొక్కి పట్టేది.

"ముందు బండి తీసుకురా, చూద్దాం."

లిఫ్టెక్కించి వెనక చక్రాల వైపు పోయే పైపుని గుడ్డతో తుడిస్తే తుప్పు పెళ్లలుగా రాలింది. "ఇది పెట్టుకుని ఎర్ర క్యాలిపర్లేం చేసుకుంటావురా?" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. నిజమే, పైపులకి పెట్టిన డబ్బు బయటికి కనిపించదు, ఫోటో తీసి ఎవరికీ పంపలేం.

పెద్ద డిస్కుల మీద నాకు కోపమేమీ లేదు. కానీ అవి ఏం చేస్తాయో తెలిసి వేయించుకోవాలి. బండిని చివరికి ఆపేది టైరూ రోడ్డూ. ఉన్న బ్రేకులే చక్రాన్ని పట్టి నిలిపేయగలిగితే, డిస్కు సైజు పెంచినంత మాత్రాన ఒక్కసారి తొక్కితే ఆగే దూరం పెద్దగా తగ్గదు. పెద్ద డిస్కు ఇచ్చే లాభమంతా వేడిని ఓర్చుకోవడంలో ఉంది. 1200 కిలోల బండిని 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే పుట్టే వేడికి లీటరు చన్నీళ్లు మరిగే దాకా వస్తాయి. అదే పని వెంటవెంటనే చేయాల్సిన ఘాట్ రోడ్డు మీదా, బరువు లాగే బండికీ, రేసు ట్రాకు మీదా పెద్ద డిస్కు అక్కరకొస్తుంది. ఇంటి నుంచి గోడౌనుకి, గోడౌను నుంచి ఇంటికి పోయే బండికి మంచి రకం ప్యాడ్లు, వంకర లేని మామూలు డిస్కులు చాలు. చిల్లులు అందానికే అని నా అభిప్రాయం.

పైపులకి నేను వాడేది రాగి, నికెల్ కలిపిన లోహం. సుమారు 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్, కాస్త ఇనుము. వోల్వో కంపెనీ 1976లోనే తన కార్లకి ఇది వేయడం మొదలుపెట్టింది. ఉప్పుకి లొంగదు, చేత్తో వంచుకోవచ్చు. ఉత్త రాగి గొట్టం దొరుకుతుంది కదా అని వేసేవాళ్లుంటారు, అది వద్దు. అదురుకి రాగి గట్టిపడి చీలుతుంది.

అసలు పనితనం పైపు కొసలో ఉంది. కొసని వెడల్పు చేసి నట్టుతో బిగిస్తేనే కారకుండా కూర్చుంటుంది. దాన్నే ఫ్లేరు అంటాం. అందులో రెండు రకాలు. ఒకటి 45 డిగ్రీల కోణంలో లోపలికి మడిచిన డబుల్ ఫ్లేరు, రెండోది బుడగలా ఉబ్బిన బబుల్ ఫ్లేరు. ఒకదాని గూట్లో ఇంకోటి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, తర్వాత చెమ్మ పడుతుంది. మర కూడా చూసుకోవాలి, 10 మిల్లీమీటర్ల నట్టుకీ అంగుళాల కొలత నట్టుకీ తేడా కంటికి తెలీదు. ఇక, నట్టు పైపుకి ఎక్కించకుండా ఫ్లేరు కొట్టేసి నాలిక కరుచుకోని కొత్త కుర్రాడు ఏ గ్యారేజీలోనూ ఉండడు. పాత నట్టు విప్పేటప్పుడు మామూలు పానా పెడితే మూలలు అరిగిపోయి కథ మొదటికొస్తుంది. నట్టుని చుట్టూ పట్టే ఫ్లేర్ పానా ఉండాలి, ముందు రోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాలి. పాడైన ముక్క వరకే కోసి, మధ్యలో కంప్రెషన్ జాయింటు పెట్టి అతికేసే పద్ధతి ఒకటుంది. నీళ్ల పైపుకి అది సరే. బ్రేకుకి కాదు.

పైపు కొస నుంచి చక్రానికి పోయే రబ్బరు హోసుల సంగతి ఇంకా చిత్రం. బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి దారికి అడ్డం పడుతుంది. పెడల్ తొక్కితే ఆయిల్ పోతుంది, వదిలితే తిరిగి రాదు. చక్రం పట్టేసి వేడెక్కుతుంది. జనం క్యాలిపర్ పోయిందని కొత్తది కొంటారు. స్టీలు అల్లిక ఉన్న హోసులు వేస్తే ఒత్తిడికి ఉబ్బవు, పెడల్ గట్టిగా తగులుతుంది. అయితే ఆ అల్లిక దేనికైనా రాసుకుంటే దాన్నీ కోస్తుంది, తానూ తెగుతుంది. అందుకే బిగించాక స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి, చక్రాన్ని వేలాడదీసి చూడాలి.

ఇదే నెలలో మా దగ్గరికి 1960ల నాటి కారు ఒకటి వచ్చింది. ఓనరు రిటైరైన పెద్దమనిషి. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, ఆయిల్‌కి ఒకే దారి. ఎక్కడ ఒక్క పైపు పోయినా నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లన్నిటికీ రెండు దారులు ఉండాలని రూలు పెట్టారు. ఆయనకి ముందు చక్రాలకి డిస్కులు కావాలి. పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది మాస్టర్ సిలిండర్. నేను రెండు దారులకీ విడివిడిగా రెండు గదులున్నది కూడా వేయించుకోమన్నాను. "ఇన్నేళ్లూ ఏమీ కాలేదుగా" అన్నాడాయన. డబ్బు కోసం చెబుతున్నాననుకున్నాడేమో. మా గ్యారేజీ పెద్దాయన కల్పించుకుని విడమరిచి చెబితే ఒప్పుకున్నాడు. అదే మాట నేను చెప్పినప్పుడు ఎందుకు ఎక్కలేదో ఊహించగలను గానీ, ఆ లెక్కలు పెట్టుకుంటే పని సాగదు.

డ్రమ్ము తీసి డిస్కు పెట్టడం బోల్టుల పని. మిగతాది లెక్క. డ్రమ్ములో చక్రం తిరుగుడే, లోపలి గోడకి ఒత్తుకునే బ్రేకు షూని ఇంకా లోతుకి లాగి సాయం చేస్తుంది. డిస్కుకి ఆ సాయం లేదు, ఒత్తిడి ఎక్కువ కావాలి. కాలి బలాన్ని పెంచే బూస్టరైనా పెట్టాలి, మాస్టర్ సిలిండర్ రంధ్రమైనా తగ్గించాలి. 1 అంగుళం నుంచి 7/8కి తగ్గిస్తే అదే కాలి బలానికి దాదాపు 30 శాతం ఎక్కువ ఒత్తిడి వస్తుంది, పెడల్ కూడా అంత ఎక్కువ లోపలికి పోతుంది. ఊరికే ఏదీ రాదు. డ్రమ్ముల వైపు 10 పీఎస్‌ఐ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఒకటుంటుంది, దాన్ని డిస్కుల దారిలో వదిలేస్తే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. తొక్కగానే బరువు ముందుకి తూలి వెనక చక్రాలు తేలికవుతాయి. ముందు చక్రాల కన్నా అవే మొదట జామ్ అయితే బండి గిరగిరా తిరుగుతుంది, వెనక ఒత్తిడి తగ్గించే వాల్వు అందుకే. డ్రమ్ములు విప్పినప్పుడు గాలి పంపుతో దుమ్ము ఊదకూడదు కూడా. ఆ కాలం షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిపి తుడవాలి.

పైపుల్లో చిక్కిన గాలి తీయడానికి ఇద్దరం కావాలి. మా పెద్దాయన సీట్లో కూర్చుంటాడు, నేను కింద, గాలి బయటికి వదిలే నిపుల్ దగ్గర. ఆయనదీ వలసే, వేరే ఖండం. మాకిద్దరికీ వచ్చిన ఇంగ్లీషు వేరువేరు రకాలు, గ్యారేజీ రొదలో ఏదీ వినపడదు. బండి అడుగున పానాతో ఒకసారి కొడితే తొక్కి పట్టమని, రెండుసార్లు కొడితే వదలమని. నిపుల్ మూయకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఇన్నాళ్లలో ఆయన ఒక్కసారీ తొందరపడలేదు. కొత్త ఆయిల్ డాట్ 4 పోశాం. తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. సిలికాన్‌తో చేసిన డాట్ 5ని మాత్రం దీంతో కలపకూడదు.

చివర్లో కాగితం మీద నా సంతకం పడుతుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో బ్రేకు పని చేసేది నేను, సంతకం ఇంకొకరిది. నా పాత అనుభవానికి ఇక్కడ విలువ లేదు, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాకే పేరు నాది అయింది. సంతకానికి ముందు బలంగా తొక్కిపట్టి, ప్రతి జాయింటునీ పొడి కాగితంతో ఒత్తి చూస్తాను. తడి అంటితే మళ్లీ మొదలు.

పెద్దమనిషికి తాళాలిస్తూ మొదటి వారం ముందు బండికి దూరంగా నడపమని చెప్పాం, కాలికి ఇంకా పాత పెడల్ అలవాటే ఉంటుంది. తమ్ముడి బండికి పైపులు అయిపోయాయి, వెనక హోసు ఇంకా రాలేదు. వచ్చేదాకా వాణ్ని నేనే షిఫ్టుకి దింపుతున్నాను. దారి పొడుగునా క్యాలిపర్ల రంగు గురించే మాట్లాడతాడు.