కిడ్నీ మార్పిడి తర్వాత పేగుల్లో కపోసి సార్కోమా: నా అనుభవం

అక్క ఇచ్చిన కిడ్నీ పెట్టించుకుని ఏడాది దాటాక, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, స్టెరాయిడ్ మూడూ వాడుతుండగా, కాలి మీద ఊదారంగు మచ్చలు లేచాయి. నొప్పి లేదు, దురద లేదు. చర్మం డాక్టర్ ముక్క తీసి పంపితే కపోసి సార్కోమా అనే ఒక రకం క్యాన్సర్ అని వచ్చింది. ఫోన్‌లో ఆ పేరు కొట్టగానే ఎయిడ్స్ గురించే వస్తుంది, ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. హెచ్ఐవీ టెస్టు నెగటివ్ వచ్చింది. ఎయిడ్స్ మాట పుట్టకముందే, 1872లో వియన్నా డాక్టర్ మోరిట్జ్ కపోసి ఈ జబ్బు గురించి రాశాడట. కారణం హెచ్‌హెచ్‌వీ-8 అనే వైరస్, దాన్ని 1994లో కనిపెట్టారు. ఒంట్లో అణిగి ఉండే ఈ వైరస్, నాలాగా ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లలో విజృంభించొచ్చు.

మచ్చలు చర్మం మీదే కదా అనుకుంటుంటే కిడ్నీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "విరేచనం ఏ రంగులో అవుతోంది?" అని. నాకు నల్లగా అవుతోంది, అంటే లోపల రక్తం కారుతుండొచ్చు. ఐరన్ మాత్రలకి కూడా నల్లగా అవుతుంది గానీ నేను అవి వాడటం లేదు, పైగా తారులా జిగటగా, ఘాటైన వాసనతో అయ్యేది. హిమోగ్లోబిన్ 8 కంటే కిందికి పోయింది. చాలామందికి పేగుల్లో ఈ గడ్డలున్నా ఏ లక్షణమూ ఉండదట, నాకు రక్తం కారడం వల్ల బయటపడింది.

ఎండోస్కోపీలో జీర్ణాశయం గోడ మీద ఎర్రగా, ఊదాగా బొడిపెలు స్పష్టంగా కనిపించాయి. అయినా అక్కడ ముక్క తీసి చేసిన పరీక్ష (బయాప్సీ) నెగటివ్! నాకు అసలు టెన్షన్ మొదలైంది అక్కడే. ఈ గడ్డలు తరచూ పై పొర కింద ఉంటాయి, పైపైన గిల్లిన ముక్కలో దొరక్కపోవచ్చు అని డాక్టర్ వివరించి, మళ్లీ అదే చోట లోతుగా తీశారు. ఈసారి వైరస్‌ని పట్టే ప్రత్యేక రంగు పరీక్ష (స్టెయిన్) పాజిటివ్. కాబట్టి కంటికి కనిపిస్తున్నా రిపోర్టు నెగటివ్ వస్తే, ముక్క ఎంత లోతు నుంచి తీశారో, హెచ్‌హెచ్‌వీ-8 స్టెయిన్ చేశారో లేదో తప్పకుండా అడగండి.

వైద్యం మందులు మార్చడంతోనే మొదలైంది. టాక్రోలిమస్ ఆపి సిరోలిమస్ ఇచ్చారు, అది కిడ్నీని కాపాడుతూనే ఈ గడ్డల పెరుగుదలనూ అణచగలదు. కానీ ఇమ్యూనిటీ మందుల మోతాదు తగ్గినకొద్దీ అక్క కిడ్నీని ఒళ్లు తిప్పికొడుతుందేమోనని, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా నిద్ర పట్టేది కాదు. అక్కేమో "నా కిడ్నీ గురించి కాదురా, నీ గురించి చూసుకో" అని ఒకటే పోరు. సిరోలిమస్ వల్ల నోట్లో పుళ్లు పడ్డాయి, కొలెస్ట్రాల్ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమోనని ఇప్పటికీ చూస్తుంటారు. మీరు మాత్రం డాక్టర్‌తో మాట్లాడకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించకండి.

కాలి మచ్చలు మెల్లగా వెలిసి గోధుమరంగుకి వచ్చాయి. విరేచనం మామూలైంది, హిమోగ్లోబిన్ కోలుకుంది. ఆమధ్య మళ్లీ ఎండోస్కోపీ చేస్తే బొడిపెలు చాలావరకు చదునయ్యాయి, క్రియాటినిన్ నిలకడగా ఉంది. చిన్నపేగు మొదట్లో ఒకటి ఇంకా మిగిలింది. అది పెరిగినా, మళ్లీ రక్తం కారినా లైపోసోమల్ డాక్సోరుబిసిన్ కీమో ఇద్దామన్నారు, దానికి ముందు చేయాల్సిన గుండె ఎకో ఇప్పటికే చేయించి పెట్టుకున్నాను.