ఆయాసం గుండెది కాదు, మాత్రది

పోయిన ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఛాతీ మీద రోలు పెట్టినట్టు నొప్పి. రాత్రి తిన్న మిరపకాయ బజ్జీల గ్యాసేమో అనుకుని వాము నమిలాను. చెమటతో బనియన్ తడిసిపోవడం చూసి మా ఆవిడ ఇంకేమీ అడగలేదు, ఆటో పిలిచింది. కర్నూలులోనే ఉన్నాం కాబట్టి గంటలోపు ఆస్పత్రిలో పడ్డాను. స్టెంట్ వేశారు.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఆ తర్వాతి నెల. ఆస్పిరిన్‌తో పాటు, రక్తం గడ్డకట్టకుండా చూసే టికాగ్రెలార్ అనే మాత్ర 90 మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రీ. వారం తిరగకముందే, ఊరికే కూర్చున్నా ఉన్నట్టుండి గాలి చాలేది కాదు. మళ్లీ గుండెపోటేనని టెన్షన్. ఒక రాత్రి ఆ మాత్ర మానేద్దామని పక్కన పెట్టేశాను కూడా. మా అమ్మాయి తిట్టి వేయించింది.

మర్నాడు డాక్టరు ఈసీజీ, ఎకో చూసి, "గుండె బాగుంది సార్, ఈ ఆయాసం మందుది. కొందరికి వస్తుంది" అన్నారు. సైన్సు మాస్టారిని కదా, ఎలా పనిచేస్తుందని అడిగాను. ఓపిగ్గా చెప్పారు. గాయమైన చోట వెలువడే ఏడీపీ అనే రసాయనాన్ని పట్టుకోవడానికి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాల మీద రెండు గ్రాహకాలున్నాయి (రిసెప్టర్లు). పీ2వై1 ప్లేట్‌లెట్లు గుంపుకట్టడం మొదలుపెడుతుంది. పీ2వై12 ఆ గుంపు విడిపోకుండా బిగిస్తుంది. మా మాత్ర అడ్డుకునేది ఈ రెండోదాన్నే. దాని పట్టు తాత్కాలికం, అందుకే రోజుకు రెండుసార్లు. ఆ మాట విన్నాక, నేను పక్కన పెట్టిన మాత్ర గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. కొత్త స్టెంటులో రక్తం గడ్డకట్టి ఉంటే?

ఈ గ్రాహకాల బంధువే పీ2ఎక్స్3. అది శ్వాసనాళాల నరాల మీద ఉంటుంది. దాన్ని అడ్డుకునే గెఫాపిక్సాంట్ అనే మందును మొండి దగ్గుకు జపాన్ 2022లో అనుమతించింది. ఒకే కుటుంబం, ఒక మందు గుండెకు, ఒకటి దగ్గుకు! ఆ సంగతి నాకెంతో నచ్చింది.

నాకు టికాగ్రెలార్ బదులు క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాముల మాత్రకు మార్చారు, రోజుకు ఒకటే. అదీ పీ2వై12నే మూస్తుంది. కాకపోతే కాలేయంలో మారాకే పనిచేస్తుంది, పట్టుకున్న ప్లేట్‌లెట్‌ను అది బతికినన్నాళ్లూ వదలదు. నేను వేసుకునే ఎసిడిటీ మాత్ర ఒమెప్రజోల్ దాని బలం తగ్గిస్తుందని, అదీ మార్చారు. కొద్దిరోజుల్లో ఆయాసం పోయింది.

మొన్న పన్ను తీయించుకోబోతే, ఒక క్లినిక్‌లో ఐదు రోజులు మాత్రలు ఆపమన్నారు. నేను ఒప్పుకోలేదు, గుండె డాక్టరుకు ఫోన్ చేశాను. ఆపకుండానే తీశారు. దూది గట్టిగా కరిచిపెట్టి కూర్చున్నాను, రక్తం ఆగింది. సాయంత్రం కేసీ కాలువ గట్టు మీద ఎప్పటిలాగే నడిచొచ్చాను.