సేం సేం మాఫీ

లీవులో వచ్చినప్పుడల్లా ఎర్రగుంట్లలో మా మేస్త్రి షెడ్డుకు పోయి ఒక గంట కూర్చోకపోతే నాకు ఊరికి వచ్చినట్టే ఉండదు. సిమెంటు లారీల కింద గోనెపట్ట పరుచుకుని పని నేర్చుకున్నది అక్కడే. మొన్న పోతే టీ గ్లాసు చేతికిచ్చి, "ఏంరా అబ్బీ, కువైట్‌లో అన్నీ రేసు కార్లేనంట కదా, ఒకటి చెప్పు" అన్నాడు. కామారో అనే అమెరికా స్పోర్ట్స్ కారు కథ చెప్పాను.

మా గ్యారేజీ షువైఖ్‌లో. వెళ్లిన మొదటి నెలలో నాకు వచ్చిన అరబ్బీ నాలుగు మాటలు: గేర్‌బాక్సును గేర్ అంటారు, ఇంజిన్‌ను మకీనా అంటారు, గ్యారేజీని కరాజ్ అంటారు, నాలుగోది యల్లా, అంటే తొందరగా కానీ అని. రోజంతా వినబడేది ఆ నాలుగోదే.

ఒక కువైటీ కుర్రాడు 2000 మోడల్ కామారో తెచ్చాడు. మూడో గేరు వేస్తే రాళ్లు నమిలినట్టు చప్పుడు. దానికి ఉండేది టీ-56 అని ఆరు గేర్ల పెట్టె, మోయాలంటే యాభై కేజీల పైనే. మా ఫోర్‌మన్ అమ్ఘరాలో పాత బండ్ల స్క్రాప్ యార్డుకు పోయి 1996 కామారోది చవగ్గా పట్టుకొచ్చాడు. అదే కారు, అదే 5.7 లీటర్ల వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, పెట్టె పేరు కూడా అదే టీ-56. ఇంకేం కావాలి?

ఆగస్టు నెల. బయట ఎండలో పనిచేసేవాళ్లకు 11 నుంచి 4 దాకా పని ఆపాలని అక్కడ రూలుంది గానీ మాది రేకుల కప్పు, నీడ కిందికే లెక్క. ఆ కారులో గేర్‌బాక్సు దింపాలంటే ముందు టార్క్ ఆర్మ్ విప్పాలి, వెనక ఇరుసు నుంచి గేర్‌బాక్సు తోక దాకా ఉండే పొడవాటి కడ్డీ అది. దింపి రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టాక నాకు అనుమానం వచ్చింది. పాతదాంట్లో క్లచ్ విడిపించే రిలీజ్ బేరింగే హైడ్రాలిక్, ఆయిల్ ఒత్తిడితో కదిలేది, షాఫ్ట్ చుట్టూ కూర్చుని ముందుకు తోస్తుంది. తెచ్చినదాంట్లో ఫోర్కు ఉంది, అది వెనక్కి లాగే రకం. షాఫ్ట్ పొడవులు కూడా వేరు.

కారణం నాకు తర్వాత తెలిసింది. 1997 దాకా ఆ కారులో వచ్చింది ఎల్‌టీ1, ఇనుప బ్లాకు ఇంజిన్. 1998 నుంచి ఎల్ఎస్1, మొత్తం అల్యూమినియం, అసలు డిజైనే కొత్తది. బోల్టు రంధ్రాలు చాలావరకు కలుస్తాయి కాబట్టి చూసేవాడు మోసపోతాడు. ఆరు సిలిండర్ల వి6 కామారోకు వచ్చే అయిదు గేర్ల టీ-5ను వి8కి పెట్టి డబ్బు మిగిల్చుకుందామని వచ్చేవాళ్లు కూడా ఉంటారు, అది ఇంకో పిచ్చి, ఆ పెట్టెకు అంత బలం ఎక్కడిది.

"సేం సేం మాఫీ" అన్నాను, అంటే రెండూ ఒకటి కావు అని. గల్ఫ్‌లో అన్ని దేశాలవాళ్లం కలిసి మాట్లాడుకునే భాష అది. ఫోర్‌మన్ నవ్వి యల్లా అన్నాడు. ఎక్కించాం. ఇంజిన్‌కూ పెట్టెకూ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. బోల్టులు బిగించి లాగు, అదే కూర్చుంటుంది అన్నాడు. అల్యూమినియాన్ని అట్లా లాగకూడదని ఎర్రగుంట్లలో చెంపదెబ్బ తిని నేర్చుకున్నవాణ్ణి, అయినా స్పానర్ తిప్పాను. కొత్తవాణ్ణి, వీసా వాళ్ల చేతిలో ఉంది. తెచ్చిన పెట్టెను ఇంజిన్‌కు కలిపే గంట ఆకారపు తొడుగు, బెల్ హౌసింగ్, దాని చెవి టక్కుమని విరిగింది.

మూడు రోజుల జీతం కోశారు. చిత్రమేమంటే విరిగింది ఎలాగూ పనికిరాని ముక్కే. చివరికి చేసిందేమిటంటే, పాత పెట్టెలో బాగున్న ఇన్‌పుట్ షాఫ్ట్, ముందు ప్లేటు, బెల్ హౌసింగ్ తీసి స్క్రాప్ నుంచి తెచ్చిన పెట్టెకు మార్చాం. రెండింటి మొదటి గేరు నిష్పత్తీ 2.66 కాబట్టి లోపలి పళ్లు కలిశాయి. టేపర్ బేరింగులకు షిమ్ములు, అంటే పల్చటి రేకు బిళ్లలు, వేసి ఆట సరిచూడ్డానికే ఒక పూట పట్టింది. క్లచ్ పాతదే ఉంచాం. బండి తిరిగింది, ఆరో గేరులో ఇంజిన్ రెండు చుట్లు తిరిగే లోపల ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు తిరుగుతుంది, రోడ్డు మీద ఇంజిన్ నిద్రపోతున్నట్టే ఉంటుంది.

మేస్త్రి అంతా విన్నాడు. జీతం సంగతికి అయ్యో అంటాడనుకున్నాను.

"ఆయిలేం పోసినారు, తొంభై నంబరు గేరాయిలేనా?"

"లేదు మేస్త్రీ, దాంట్లో ఏటీఎఫ్ పోయాలి, ఆటోమేటిక్ గేర్ల బండ్లకు పోసే పల్చటి ఆయిలు. డెక్స్‌రాన్ త్రీ."

"ఎర్రగుంటాదే, స్టీరింగుకు పోస్తామే, అదా? గేర్‌బాక్సుకా?"

"కంపెనీ చెప్పిందే అది."

నా మొహం వంక కాసేపు చూసి, స్పానర్లు కడుగుతున్న పిల్లోణ్ణి పిలిచినాడు. "ఒరే, ఇంటివా? మూడు దినాల జీతమే కోసినారంట వీనికి. నేనైతే నెల జీతం కోసుందును."