డయాలసిస్, నమాజు, రోజా: నా అనుభవం

కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిశాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒక్కటే మాట అన్నారు, "ఇది అల్లా పెట్టిన పరీక్ష, సబర్ చెయ్ (ఓర్చుకో)" అని. చనువు ఎక్కువ ఉన్న మా మేనత్త ఇంకో అడుగు ముందుకేసి "ఎవరి ఉసురు పోసుకున్నావురా నాయనా" అనేసింది. ఆవిడ మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, ఏడుస్తూనే అంది పాపం. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

మందుల గురించి డాక్టర్లు చెబుతారు. డయాలసిస్ మీద ఉన్నవాడు నమాజు ఎలా చదవాలి, రంజాన్‌లో రోజా (ఉపవాసం) గురించి ఏం చేయాలి అన్నది మాత్రం నాకు ఒకచోట ఎవరూ చెప్పలేదు, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను. ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మేం నూర్‌బాషాలం. పల్నాడు జిల్లాలో ఉంటాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా తాత దూదేకేవాడు, నాన్న పరుపులు కుట్టేవాడు, నాది చిన్న పరుపుల షాపు. బీపీ ఉందని కూడా తెలియకుండానే లోపల కిడ్నీలు దెబ్బతిన్నాయి. కాళ్లు వాచాయి, అన్నం సహించలేదు, పడుకుంటే ఆయాసం. టెస్టులు చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన మలినం) ఎక్కడికో పెరిగిపోయింది. ముందు మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు. ఈలోపు ఎడమ చేతిలో ఫిస్టులా ఆపరేషన్ చేశారు, అంటే ధమనినీ సిరనీ కలిపి కుట్టేస్తారు, కొన్ని వారాలకి ఆ నరం లావై సూదులు దిగడానికి పనికొస్తుంది. దాని మీద వేలు పెడితే లోపల జుయ్యిమంటూ ఉంటుంది. ఆ శబ్దం ఆగిందంటే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఆ చేతికి బీపీ చూడకూడదు, సూది వేయకూడదు, బరువు ఎత్తకూడదు. పరుపుల షాపువాడు బరువు ఎత్తకుండా ఏం చేస్తాడు? కుర్రాడిని పెట్టుకున్నాను, వచ్చేదాంట్లో సగం వాడి జీతానికే పోతుంది.

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కాబట్టి మిషన్‌కి డబ్బు కట్టక్కర్లేదు, అది నిజంగా పెద్ద మేలు. మొదట్లో నాకు దొరికింది సాయంత్రం నాలుగింటి షిఫ్టు. ఎనిమిదింటికి గానీ వదలరు. పొద్దు గూకాక చదివే మగ్రిబ్ నమాజు సమయం పూర్తిగా మిషన్ మీదే గడిచిపోయేది. రక్తం బయటికి వెళ్తూ వస్తూ ఉంటుంది కాబట్టి మేం పాటించే హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో వుజూ (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే శుద్ధి) నిలవదు, మంచం కూడా ఖిబ్లా (మక్కా) వైపు ఉండదు, సూదులున్న చెయ్యి కదపకూడదు. అజాన్ వినబడుతుంటే పైన ఫ్యాన్ చూస్తూ పడుకోవడం, ఆరోగ్యం పోయినందుకన్నా అదే ఎక్కువ బాధగా ఉండేది.

మా మసీదు ఇమాం గారిది బీహార్. ఆయన ఉర్దూ నాకు సగమే అర్థమవుతుంది, నా తెలుగు ఆయనకి అంతకన్నా తక్కువ. నేను చెప్పిందంతా విని ఆయన ముందు మసాయిల్ (ధర్మ నియమాలు) చెప్పలేదు. "షిఫ్టు మార్చమని అడిగావా?" అన్నారు. అడగలేదు. ముందు అది అడుగు, కుదరదంటే అప్పుడు నా దగ్గరికి రా, ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లా మీద భరోసా పెట్టుకోమన్నారు ప్రవక్త (స), అన్నారు. టెక్నీషియన్‌ని అడిగితే లిస్టులో పెట్టాడు, కొన్నాళ్లకి పొద్దున ఆరింటి షిఫ్టు వచ్చింది. తెల్లవారుజాము ఫజర్ ఇంట్లో చదువుకుని బయల్దేరతాను, పది దాటాక వదులుతారు, మధ్యాహ్నం జుహర్‌కి ఇంట్లో ఉంటాను. మిషన్ మీద ఒక్క నమాజూ పోదు. కట్టు విప్పకూడని రోజు దాని మీద తడి చేత్తో తుడిస్తే వుజూ సరిపోతుందట. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఆ పూట కుర్చీలో కూర్చుని చదువుతాను.

కూర్చుని చదవడం మొదట్లో చాలా నామోషీగా ఉండేది, వెనక వరుసలో ముసలాళ్ల పక్కన కుర్చీ వేసుకోవడం. అప్పుడు ఇమాం గారు ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) గారి సంగతి చెప్పారు. ఆయనకి మొలల జబ్బు. నమాజు ఎలా చదవాలని ప్రవక్త (స)ని అడిగితే, నిలబడి చదువు, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకి పడుకుని చదువు అన్నారట. బుఖారీ హదీసుల (ప్రవక్త మాటల) గ్రంథంలో ఉంది. నాకు భలే అనిపించింది. పధ్నాలుగు వందల ఏళ్ల కిందట ఒక సహాబీ (ప్రవక్త సహచరుడు) తన మొలల గురించి సిగ్గుపడకుండా అడిగాడు కాబట్టే కదా, ఇవాళ నేను కుర్చీలో కూర్చోగలుగుతున్నాను.

ఇక రంజాన్. నీళ్ల లెక్క తెలిసినవాళ్లకే ఇది అర్థమవుతుంది. ఒంట్లో నీరు చేరకూడదని మాకు రోజుకి లీటరు లోపే తాగమంటారు, అందులోనే టీ, మజ్జిగ, మందులకి తాగేది అన్నీ. రెంటచింతల ఎండలు ఎలా ఉంటాయో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. నోరు పిడచగట్టుకుపోతే చిన్న ఐసు ముక్క చప్పరిస్తాను. కొబ్బరి నీళ్లు తాగకూడదు, అరటిపండు తినకూడదు, పొటాషియం. అలా ఏడాది పొడవునా దాహంతోనే ఉంటానా, రంజాన్ వచ్చేసరికి డాక్టరు రోజా వద్దంటాడు! 2024లో రంజాన్ మార్చి 12న మొదలైంది. తెల్లవారుజామున ఇంట్లో అందరూ సహరీకి (రోజా మొదలయ్యే ముందు తినే భోజనానికి) లేచి గిన్నెల చప్పుడు చేస్తుంటే నేను దుప్పటి కప్పుకుని మెలకువగానే పడుకున్నాను. మా చిన్నవాడికి అది తొలి రోజా. నాన్నా నువ్వు లేవవా అని అడిగాడు.

ఫిద్యా గురించి తెలుసుకున్నది అప్పుడే. ఖుర్ఆన్ బఖర సూరా (అధ్యాయం) 184వ ఆయతులో (వాక్యంలో) ఉంది, రోజా ఉండలేనివాడు ఒక పేదవాడికి భోజనం పెట్టాలని. హనఫీ లెక్కలో ఒక్కో రోజాకి దాదాపు పావు తక్కువ రెండు కిలోల గోధుమలు, లేదా వాటి ఖరీదు. మా వీధిలోనే పిల్లల్ని పెట్టుకుని ఒంటరిగా నెట్టుకొస్తున్న ఒకామెకి ఇస్తున్నాం. అయితే ఇమాం గారు ఇంకోటి కూడా చెప్పారు. రేపు కిడ్నీ మార్చి ఆరోగ్యం కుదుటపడితే, ఫిద్యా ఇచ్చినా సరే, ఆ రోజాలన్నీ మళ్లీ ఖజా (తప్పిపోయినవాటికి బదులు) ఉండాలట. ఇంకెవరైనా అయితే గుండె జారిపోయేదేమో గానీ నాకు ఆ బాకీ మహా ఇష్టంగా తోచింది. డాక్టర్లెవరూ నీకు నయమవుతుంది అని నాతో అనలేదు. నయమైతే ఏం చేయాలో మాత్రం దీన్‌లో (ధర్మంలో) ముందే రాసిపెట్టి ఉంది. ఇంకొకటి, మనిషి జబ్బు పడితే ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆరాధనల పుణ్యం అలాగే రాయబడుతుందని హదీసు. ఆ రాత్రి మా ఆవిడకి అది చదివి వినిపిస్తూ ఇద్దరం ఏడ్చాం.

ఏడుపు గురించి కూడా చెప్పాలి. సబర్ అంటే నోరు మూసుకోవడం అని నేనూ అనుకునేవాణ్ని, మావాళ్లలో చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటారు. తెలుగు ఖుర్ఆన్ తీసి మిషన్ మీద పడుకుని కుడిచేత్తో ఫోన్‌లో చదువుతుంటే, యాఖూబ్ ప్రవక్త (అ) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకున్నారు. నా బాధ అల్లాకే మొరపెట్టుకుంటున్నాను అంటారు ఆయన. అయ్యూబ్ (అ) నాకు కష్టం వచ్చింది అని నేరుగా చెప్పుకుంటారు. మన ప్రవక్త (స) చంటిబిడ్డ ఇబ్రాహీం పోతే కన్నీళ్లు పెట్టుకున్నారు. అందరికన్నా పెద్ద కష్టాలు వచ్చేది ప్రవక్తలకే అని ఇంకో హదీసు. మరి కష్టం వచ్చిందంటే పాపం చేసినట్టేనని మా అత్త లెక్కవేస్తే, వీళ్లందరినీ ఏమంటుంది? ఇదే ఆవిడతో అన్నాను. "నాకేం తెలుసురా, నోరు జారాను" అంది, మర్నాడు ఉప్పు లేకుండా పప్పు చేసి పంపింది.

నాకే ఎందుకు వచ్చింది అన్నదానికి జవాబు ఇప్పటికీ దొరకలేదు. దొరికిందని చెప్పేవాళ్లని నేను పెద్దగా నమ్మను కూడా. పక్క మంచం మీద ఒక మిర్చి రైతు ఉండేవాడు, పెద్దాయన, నా ఫోన్‌లోంచి ఖిరాత్ (ఖుర్ఆన్ పఠనం) వినబడితే "ఏం సాయిబూ, కాస్త సౌండ్ పెంచు, నిద్ర పడుతుంది" అనేవాడు. ఒక సోమవారం ఆయన రాలేదు. ఆ మంచం మీద ఇంకొకరు ఉన్నారు. ఇన్నాలిల్లాహి (మనమంతా అల్లాకి చెందినవాళ్లం) అనుకున్నాను, ఆ రోజు నాలుగు గంటలూ గడవలేదు.

అమ్మ కిడ్నీ ఇస్తానంది, ఆమెకి షుగర్ కాబట్టి వద్దన్నారు. అవయవ మార్పిడి మీద ఉలమాల్లో (మత పండితుల్లో) రెండు మాటలున్నాయి, ప్రాణం నిలపడానికి జాయిజ్ (ధర్మసమ్మతం) అన్నవాళ్ల మాట నేను తీసుకున్నాను. జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకి ఇప్పించే ప్రభుత్వ పథకం) పేరు నమోదు చేయించాను. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఖజా రోజాల లెక్క మాత్రం మా ఆవిడ రాసి పెడుతోంది.

కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు షిఫ్టు సంగతి మొదటి వారంలోనే అడగండి, తర్వాత పొద్దుటి మంచాలు తొందరగా దొరకవు. ఫిద్యా డబ్బు గోధుమల ధరని బట్టి ఏటా మారుతుంది, మీ మసీదులో కనుక్కోండి.