అన్నీ పాసేనంట!

"అన్నా, టెస్టులన్నీ పాస్!" అని మా సాఫ్ట్‌వేర్ టీమ్ జూనియర్ ఫోన్ చేసేటప్పటికి కడప ఏడు రోడ్ల దగ్గర కారం దోసె చెప్పి నిలబడి ఉన్నా. టెస్టులు నడిచినప్పటి రికార్డు, అదే లాగ్, పంపమన్నా.

మధ్యలో ఒక లైన్: "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ", అంటే అడిగిన ఫైలే లేదని. దాని కిందే పచ్చ టిక్కు!

విషయం ఏమంటే, టెస్టు కమాండ్ అవుట్‌పుట్‌ని పైపులో పెట్టి, అంటే నేరుగా ఇంకో కమాండ్‌కి అందించి, 'టీ' అనే ఆ కమాండ్‌తో లాగ్‌లోకి రాయిస్తున్నాడు. కమాండ్లను నడిపే షెల్ మామూలుగా పైపులో చివరి కమాండ్ ఎగ్జిట్ స్టేటస్‌నే (0 అంటే సక్సెస్, ఇంకేదైనా ఫెయిల్) పట్టించుకుంటుంది. ముందున్నది 1 ఇచ్చి పడిపోయినా, చివర్లో 'టీ' హాయిగా 0 ఇచ్చేస్తుంది. బాష్ అనే షెల్‌లో, పైపులో ఏది పడిపోయినా ఫెయిల్ అని చెప్పే 'పైప్‌ఫెయిల్' సెట్టింగ్ ఆన్ చేయిస్తే అప్పుడు బయటపడింది.

ఫైల్లో మాట వెతికే గ్రెప్ కమాండ్ ఇంకో తంటా. మాట దొరికితే 0 ఇస్తుంది, దొరక్కపోతే 1, ఫైలే తెరుచుకోకపోతే 2. "లాగ్‌లో ఎర్రర్ అనే మాట ఉండకూడదు" అనే టెస్టులో 0 కాకుంటే చాలని వదిలేస్తే, లాగ్ ఫైల్ లేకపోయినా పాసే. కచ్చితంగా 1 వచ్చిందా అని అడగాలి. ఈ తేడా ఎవరూ చెప్పరు, మాన్యువల్లో మాత్రం శుభ్రంగా రాసుంటుంది.

ఇప్పుడు సగం టెస్టులు ఎర్రగా ఉన్నాయి. వాడు డీలా పడ్డాడు. నాకైతే టెన్షన్ తగ్గింది.