ఇంగ్లీషు క్రియ వెనక వచ్చే ఆ చిన్న మాట

పర్లాకిమిడిలో నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే విద్యార్థులలో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకు మాత్రం ఇంగ్లీషుతో తలపడక తప్పదు. కాలాలు, వాచ్యాలు ఎలాగో గట్టెక్కుతారు గానీ, క్రియకు చిన్న మాట చేరి అర్థం మారే ఫ్రేజల్ వర్బ్స్ దగ్గరకు వచ్చేసరికి గైడ్లలోని జాబితాలను కంఠతా పట్టడం మొదలుపెడతారు. లుక్ ఆఫ్టర్ అంటే సంరక్షించడం, లుక్ ఇంటు అంటే విచారించడం, లుక్ డౌన్ ఆన్ అంటే చులకనగా చూడటం, ఇలా ఒక్క లుక్ కిందే పేజీ నిండుతుంది. వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగం అవుతాయి. ఇందులో తప్పు పిల్లల జ్ఞాపకశక్తిది కాదనీ, జాబితా కూర్చిన పద్ధతిదనీ నా అభిప్రాయం. వీటిని క్రియను బట్టి కాక, దాని వెనక వచ్చే అప్, ఆఫ్, అవుట్, ఆన్ వంటి చిన్న మాటను బట్టి చదవాలి.

ఈ ఇబ్బంది కొత్తదీ కాదు, మనకొక్కరికే వచ్చిందీ కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన ఇంగ్లీషు నిఘంటువు పీఠికలోనే, క్రియకు ఒక చిన్న మాట తగిలించి అర్థాన్ని మార్చే ఈ పద్ధతి బహుశా ఏ భాషలోనూ లేనంతగా తమ భాషలో ఉందనీ, పరాయివారికి అత్యంత కష్టం కలిగించేది ఇదేననీ రాశాడు. ఫ్రేజల్ వర్బ్ అనే పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత దానిని వాడుతూ, ఆ పేరును సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు.

జాన్సన్‌కు తెలుగు తెలిసి ఉంటే ‘ఏ భాషలోనూ లేనంతగా’ అనడానికి కొంత తటపటాయించేవాడేమో. పట్టు అనే ఒక్క క్రియ నుంచి మనకు పట్టుకోవడం, పట్టుబడటం, పట్టుబట్టడం, పట్టించుకోవడం వచ్చాయి. దొంగ పట్టుబడ్డాడనీ, పిల్లవాడు సైకిలు కొనమని పట్టుబట్టాడనీ అనేటప్పుడు ఎవరూ జాబితా తిరగేయరు. అంతకంటే ఎక్కువగా పనికివచ్చేది ‘వేయు’ చేరిన క్రియలు. ‘అన్నం తిను’ అనడానికీ ‘అన్నం తినేయ్’ అనడానికీ తేడా ఏమిటని అడిగితే, రెండో దానిలో కంచం ఖాళీ కావాలని మా విద్యార్థులు వెంటనే చెబుతారు. ఈట్ అప్ అన్నా అదే. తాగేయడం డ్రింక్ అప్, చించేయడం టేర్ అప్, ఉన్నదంతా వాడేయడం యూజ్ అప్. చివరకు సిగరెట్టు మానేయడానికి ఇంగ్లీషువారు వాడే గివ్ అప్ కూడా ఈ వరుసలోకే వస్తుంది. ప్రతి అప్‌కూ ఈ సూత్రం వర్తించదు. గెట్ అప్, స్టాండ్ అప్ వంటి వాటిలో అది నిజంగానే పైకి అనే దిక్కును చూపిస్తుంది, పిల్లలను పెంచడమనే బ్రింగ్ అప్‌లో కూడా ఎదుగుదల పైకే. అయినా ఈ రెండు దారులూ తెలిసినవారికి, కొత్తగా ఎదురైన క్రియ అర్థాన్ని ఊహించడం చాలావరకు సాధ్యమవుతుంది.

ఆఫ్ దీనికంటే తంటాలు పెడుతుంది. లైట్ వెంట్ ఆఫ్ అంటే దీపం ఆరిపోయింది, అలారం వెంట్ ఆఫ్ అంటే అలారం మోగింది. ‘ఒకటి ఆగిపోవడం, ఒకటి మొదలవడం, రెండింటికీ ఒకే మాట ఏమిటి మాస్టారూ?’ అని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న న్యాయమైనది. ఆఫ్‌లో ఉన్నది ఆగిపోవడం కాదు, ఉన్న స్థితి నుంచి విడివడటం అని నేను వివరిస్తాను. వెలుగుతున్న దీపం ఆ స్థితిని విడిచింది. బిగించి ఉంచిన అలారం ఆ బిగింపు నుంచి విడివడింది. బాంబు పేలినా గో ఆఫ్ అనేది అందుకే. పాలు విరిగినప్పుడు కూడా బ్రిటిష్ ఇంగ్లీషులో గో ఆఫ్ అంటారు, మంచి స్థితి చేయి జారిపోయింది కాబట్టి. విమానం నేలను విడవడం టేక్ ఆఫ్, నిశ్చయించుకున్న పెళ్లిని రద్దు చేసుకోవడం కాల్ ఆఫ్. ఇది భాషాశాస్త్రవేత్తలకు సంతృప్తినిచ్చే వివరణ కాకపోవచ్చు గానీ, గుర్తుంచుకోవడానికి ఊతమిస్తుంది.

ఇక వాక్యంలో స్థానం. టర్న్ ఆఫ్ ద లైట్, టర్న్ ద లైట్ ఆఫ్ రెండూ సరైనవే; లైటుకు బదులు సర్వనామం వస్తే మాత్రం టర్న్ ఇట్ ఆఫ్ అనాలి, టర్న్ ఆఫ్ ఇట్ అనకూడదు. లుక్ ఆఫ్టర్‌ను ఇలా విడదీయడం కుదరదు. లుక్ ఆఫ్టర్ హర్ అనే అనాలి. విద్యార్థుల కోసం తయారైన మంచి నిఘంటువులలో, విడదీయగలిగిన వాటికి రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు ఉంటుంది. దానిని చూసే అలవాటు చేసుకుంటే ఈ నియమం కోసం వేరే పుస్తకం కొనవలసిన పని లేదు.

మన దేశపు వాడుక సంగతి వేరు. డిగ్రీ పూర్తయిందని చెప్పడానికి మనం వాడే పాస్ అవుట్ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, కానీ బయటివారికి మొదట తోచే అర్థం స్పృహ తప్పి పడిపోవడం. దరఖాస్తును మనం ఫిల్ అప్ చేస్తాం, బ్రిటన్‌లో ఫిల్ ఇన్, అమెరికాలో ఫిల్ అవుట్ అంటారు. కోప్ అప్ విత్‌లోని అప్ మాత్రం పూర్తిగా అనవసరం, కోప్ విత్ చాలు. మన ఆఫీసుల్లో ఫైలును పై అధికారి ముందు పెట్టడాన్ని పుట్ అప్ అంటారు. గుమాస్తా ఉద్యోగం కోరేవారు దానిని తప్పనుకుని మానేస్తే వారికే నష్టం, కాబట్టి నేను దిద్దను.

ఫ్రేజల్ వర్బ్స్ మాటల్లోనే తప్ప రాతలో పనికిరావని బోధించేవారు కొందరున్నారు. గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరిలో, ఆయన వాడుక భాష కోసం పోరాడిన ఊరిలో, ఆ మాట వినడం నాకు వింతగా ఉంటుంది. పోస్ట్‌పోన్‌కు బదులు పుట్ ఆఫ్ అన్నది కొంచెం ఇంటి మాటే, ఒప్పుకుంటాను. కానీ క్యారీ అవుట్, సెట్ అప్, పాయింట్ అవుట్ వంటివి ప్రభుత్వ నివేదికలలోనూ పరిశోధన వ్యాసాలలోనూ నిక్షేపంగా కనిపిస్తాయి. కాబట్టి లేఖారచన అభ్యాసంలో ఈ మూడింటినీ కొట్టివేయవద్దని మా విద్యార్థులకు చెబుతాను. స్నేహితుడికి రాసే ఉత్తరంలో పుట్ ఆఫ్, కలెక్టరుకు రాసే అర్జీలో పోస్ట్‌పోన్ వాడమంటాను.