మే నెలలో గీజర్

ఆ వేసవి కరెంటు బిల్లు చూసి నాన్న గొడవ పెట్టారు. విశాఖ ఉక్కపోతలో రోజుకు ఐదారుసార్లు వేడినీళ్ల స్నానం చేసేవాణ్ణి మరి! తెల్లారితే కడుపులో తిప్పడం, వాంతులు, పసరు. ఒళ్లు కాలేంత వేడినీళ్లు పోసుకున్నంతసేపే హాయి. అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. ఒకరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు అల్సర్ అన్నారు. ఎండోస్కోపీలో ఏమీ లేదు. తొమ్మిది కిలోలు తగ్గాను.

మూడో డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, "వేడినీళ్లు పోసుకుంటే తగ్గుతుందా?" అని అడిగారు. తలూపాను. నాన్నను కాసేపు బయట కూర్చోమన్నారు.

"గంజాయి ఎన్నాళ్లుగా?"

ఆరేళ్లు. హాస్టల్ మేడ మీద మొదలై, ఉద్యోగం వచ్చాక రోజుకు నాలుగైదు జాయింట్ల దాకా పోయింది. వాంతులు తగ్గుతాయని ఇంకోటి ఎక్కువే తాగేవాణ్ణి. ఏళ్లతరబడి తాగిన కొందరిలో ఆ గంజాయే ఇలా తిరగబడి వాంతులు తెప్పిస్తుందట. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు ఈ జబ్బు గురించి రాసినప్పుడు, వాళ్లు చూసిన రోగులకూ ఈ వేడినీళ్ల పిచ్చే.

"మందేమిటండీ?"

"మానడమే. గంజాయి మాన్పించే మాత్రంటూ ఇంకా రాలేదు. కౌన్సెలింగ్‌కు రా."

పోలీసుల భయం ఉండేది. తనంతట తాను చికిత్సకు వచ్చినవాడికి, వాడకం కేసుల్లో మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్‌లో రక్షణ ఉందని ఆ డాక్టరమ్మే చెప్పారు.

మొదటి వారం చెమటలు, అన్నం సహించదు, అమ్మ మీద ఊరికే అరుపులు. నిద్ర పడితే వింత కలలు. కోపం పదిహేను రోజులకు తగ్గింది. నిద్ర కుదరడానికి నెలన్నర పట్టింది.

తాగాలనిపించిన ప్రతిసారీ, అంతకుముందు ఏం జరిగిందో నోటుబుక్కులో రాయమన్నారు కౌన్సెలర్. చిన్నపిల్లాడి హోంవర్కులా అనిపించింది. మూడు పేజీలు నిండేసరికి దొరికిపోయాను: రాత్రి పది, బాల్కనీ, ఒంటరిగా. ఆ టైమ్‌కి నాన్నతో క్యారమ్స్ మొదలుపెట్టాం. ఆయన తొండి ఆడతారు.

మూడో నెలలో ఫ్రెండ్ పెళ్లిలో రెండు దమ్ములు లాగాను. అక్కడితో ఆగలేదు, మూడు వారాలకు వాంతులు మళ్లీ వచ్చాయి. కౌన్సెలర్‌కు చెప్పడానికి సిగ్గేసి, డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేశాను. ఎత్తినాయన తిట్టలేదు. "రేపే మీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, నోటుబుక్కు తీసుకెళ్లండి" అన్నారు. వెళ్లాను. ఆవిడా తిట్టలేదు, పెళ్లి రోజు పేజీ రాయించారు.

అది జరిగి పద్నాలుగు నెలలు. ఈ మే నెలలో గీజర్ స్విచ్ ఎవరూ వెయ్యలేదు. అమ్మ లెక్కలో మాత్రం అది దిష్టి పోవడం వల్లే.